పదో షరతు

ఇంకో రెండు సినిమాలు అయితే మాది. నేను కూర్చున్న కుర్చీకి సరిగ్గా పైన ఉన్న ఫ్యాను తిరగడం లేదు. మిగతావన్నీ తిరుగుతున్నాయి. తిరుపతిలో ఇంత పెద్ద హాలు కట్టి, దాతల పేర్లు రాళ్ళ మీద చెక్కించి, ఒక ఫ్యానుకు కండెన్సరు మార్చలేకపోయారు. నా షెడ్డులో అయితే స్టూలు వేసుకుని నేనే మార్చేవాణ్ణి. పక్కన మోనిక కూర్చుని ఉంది. నా కూతురు. ఈ ఊళ్ళోనే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఒళ్ళో పసుపుపచ్చ కాగితం పెట్టుకుని మడుస్తోంది, విప్పుతోంది. అందులో ఇక్కడ చూపించే సినిమాలకు పది షరతులు అచ్చు వేసి ఉన్నాయి, నాకు అన్నీ నోటికి వచ్చు. బయటి లైట్లు పెట్టకూడదు, ఎండో ఇంట్లో బల్బో ఎంత వెలుగిస్తే అంతే. సంగీతం కూడదు. బొమ్మ తీసేటప్పుడు ఉన్న చప్పుడే ఉండాలి, తర్వాత తెచ్చి అతికించకూడదు. వస్తువులు ఆ ఇంట్లోవే, బట్టలు ఆ మనుషులవే. ఒక చోటు, ఒక పగలు. పన్నెండు నిమిషాలు. కొట్లాటలు లేవు, డాన్సులు లేవు. పదోది ఆఖరుది. సినిమా అయిపోయాక తీసినవాడూ ముఖ్య వేషం వేసినవాడూ లేచి నిలబడి, ఏ షరతు తప్పారో, ఏది అబద్ధమో అందరి ముందూ చెప్పాలి. ఏమీ లేకపోతే లేదని చెప్పాలి. ఆ పదోదాని కోసమే నన్ను పొద్దున్నే నగరిలో బస్సెక్కించి తెచ్చారు. "ఏమీ తప్పలేదు సార్ అని ఒక్క మాట సెప్పి కూసో నాయనా, సాలు," అంది మోనిక బస్టాండులో. ఒక్క మాట. ఆరేళ్ళుగా నేను ఒక్క మాట మీదే బతుకుతున్నాను. అది అబద్ధం.

తెర మీద నాయుడుపేట వాళ్ళది నడుస్తోంది. లారీలు పోయే రోడ్డు పక్కన ముసలామె మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. మనవడు అలిగి పోయాడు. వస్తాడా రాడా, అంతే కథ. ఆమె విసనకర్ర విసరడం చూస్తే చాలు, అది ఆమె రోజూ చేసే పని అని తెలిసిపోతుంది. చేతికి వచ్చిన పనిని నటించనక్కర లేదు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గానీ బాగుంది. వెనక వరసలో ఎవడో పొట్లం విప్పి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు, ఆమె నోరు తెరిచి మనవణ్ణి పిలిచే చోట కూడా ఒలుస్తూనే ఉన్నాడు, లేచి వాడి పొట్లం లాగి నేలకు కొట్టాలనిపించింది. దీపాలు వెలిగాయి. తీసినాయన స్కూలు మాస్టరట, మైకు పట్టుకుని నిలబడ్డాడు. "నాలుగో షరతు తప్పినాము సార్. ఆ ఇసనకర్ర అవ్వది గాదు. ఆమెది ఇరిగిపోయింటే మా ఇంట్లోది తెచ్చి ఇచ్చినాము." హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఒక విసనకర్ర. మనిషికి చెప్పుకోవడానికి అంతటి తప్పే ఉండడం ఎంత అదృష్టం. ఆ మాస్టరు చెమట తుడుచుకుని పెద్ద భారం దిగినట్టు కూర్చున్నాడు.

షరతులు పెట్టినాయన సుందరరాజు ముందు వరసలో ఉన్నాడు. రిటైరైన తెలుగు పండితుడు, ఒకప్పుడు నాటకాలు ఆడించినవాడు, ఈ ఊరి కుర్రకారుకు గురువు. పొద్దున ఆయన మాట్లాడింది నాకు నచ్చింది. "పాట పెట్టి ఏడిపిస్తే ఆ ఏడుపు పాటది రా. లైటు పెట్టి అందం తెస్తే ఆ అందం లైటుది. మీదేముండాది అందులో? కత సెప్పండి. మనిషిని సూపించండి. ఇంకేమీ వద్దు నాకు." నేను ఎనిమిది దాకా చదివిన పంచాయితీ బడిలో ఇలాంటి అయ్యవారే ఉండేవాడు. లెక్క తప్పితే కొట్టడు. పక్కవాడిది చూసి సరిగ్గా వేస్తే కొట్టేవాడు. సుందరరాజు కాగితం మోనిక నా చేతిలో పెట్టిన రోజు నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఎవరో ఒకరు లోకంలో ఇంకా గట్టిగా ఉన్నారనుకున్నాను. కానీ వీళ్ళ గట్టితనం వైర్ల దగ్గరా బల్బుల దగ్గరా ఆగిపోతుంది. విసనకర్ర ఎవరిదని అడుగుతారు. మనిషి చెప్పే మాట ఎవరిదని అడగరు.

మా సినిమా పేరు 'వినపడలేదు'. రాసింది మోనిక. కెమెరా పట్టి తీసింది హేమచంద్ర, ఆ పిల్ల కాలేజీలోనే పైతరగతి, మాటకు ముందు ఒకసారి వెనక ఒకసారి అంకుల్ అంటాడు. మరమగ్గాల మీద నేసేవాడి పెండ్లాం ఒకనాటి మధ్యాహ్నం వంటింట్లో గుండె నొప్పితో కుప్పకూలుతుంది. మొగుణ్ణి పిలుస్తుంది. పది అడుగుల దూరంలో నాలుగు మగ్గాలు ఆడుతుంటాయి. వాడికి వినపడదు. అంతే కథ. వాడు తప్పు చేయలేదు, ఆ చప్పుడే అలాంటిది, అని చూసేవాళ్ళకు తెలియాలి. దాని కోసం రాసింది. నా కోసం రాసింది. నా పెండ్లాం పంకజాక్షి కర్మ నాడు వాళ్ళన్న వెంకటముని పందిట్లో అందరి ముందూ అన్న మాట ఆ పిల్ల మరిచిపోలేదు. "పది అడుగుల దూరంలో ఉండి నా సెల్లెల్ని సంపినాడు ఈయన." ఏడో తరగతి పిల్ల, అత్తల మధ్య కూర్చుని విన్నది. "మగ్గాల సప్పుట్లో ఇనపళ్ళేదు బావా," అన్నాను నేను. పక్క షెడ్డు కుప్పుస్వామి నా తరఫున లేచాడు. "నాలుగు మగ్గాలు ఆడతా ఉంటే నెత్తిన పిడుగు పడినా తెలీదప్పా. కావాలంటే వచ్చి నిలబడు మా షెడ్లో." వెంకటముని సేద్యగాడు, వాడికేం తెలుసు, నోరు మూసుకున్నాడు. అయినా ఆ పొద్దు నుంచి మా ఇంటి గడప తొక్కలేదు. మోనిక మాత్రం ఆరేళ్ళు అది మోసుకుని తిరిగి, చదువుకుని, కథ చేసి, మామకు కూడా కార్డు రాసి పిలిచింది. రాడు. రాకపోతేనే మేలు.

కుప్పుస్వామికి తెలుసు తను చెప్పింది అబద్ధమని. నేతగాడికి ఎవడికైనా తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ చప్పుట్లో బతికినవాడికి చప్పుడు చప్పుడు కాదు, గోడలాగా అక్కడ ఉంటుంది, గోడ మీద బల్లి కదిలితే కనపడినట్టు కొత్తది ఏది వచ్చినా వినపడుతుంది. మూడో మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఒక పిసరు ఆలస్యంగా కొడితే నాకు తెలుస్తుంది. కండెలో నూలు అయిపోవచ్చే ముందు నాడె చప్పుడు తేలికవుతుంది, వీపు తిప్పి ఉన్నా తెలుస్తుంది. మోనిక ఊయల్లో ఉండగా లోపలి గదిలో ఏడిస్తే ముందు వినేది నేను. పంకజాక్షి రాట్నం దగ్గర కండెలు చుట్టుకుంటూ ఉండేది, ఆమెకు నేను వేలితో లోపలికి చూపించేవాణ్ణి. పోయి చూసి పిల్లను ఎత్తుకుని వచ్చి నా వైపు చూసి తల ఊపేది. షెడ్డులో మాటలు అరవడం కొత్తవాళ్ళ పని. మేము పెదవులతో మాట్లాడుకుంటాం, వేళ్ళతో మాట్లాడుకుంటాం. రెండు వేళ్ళు చూపిస్తే రెండో మగ్గం. అరచెయ్యి ఎత్తితే ఉండు, వస్తా. మోనిక మాటలకంటే ముందు ఇవే నేర్చుకుంది. ఆ షెడ్డులోనే పెరిగిన పిల్లకు ఇదంతా తెలుసు గదా, మరి నాకు వినపడలేదంటే ఎలా నమ్మింది. నమ్మాలనుకున్నది. నమ్మకపోతే ఇంట్లో మిగిలిన ఒక్కడూ పోతాడు.

ఇప్పుడు రెండో సినిమా. ఏదో మేడ మీద ఇద్దరు అన్నదమ్ములు నీళ్ళ ట్యాంకు గురించి తగాదా పడుతున్నారు. నేను చూడటం లేదు. మోనిక పెదవులు కదిలిస్తోంది, తను మాట్లాడాల్సింది ఏమీ లేకపోయినా. దాని చెవి వెనక, మెడ మీద, పంకజాక్షికి ఉన్నచోటే పుట్టుమచ్చ ఉంది. షూటింగు రోజు బీరువా తెరిచి వాళ్ళమ్మ చీర తీసుకుంది. ఆకుపచ్చది, ఎర్ర అంచు, నేను నేసిందే. బట్టలు ఆ ఇంట్లోవే ఉండాలి గదా. కట్టుకుని వంటింట్లోంచి వస్తే నేను బయటకు పోయి బీడీ వెలిగించుకున్నాను. కుప్పుస్వామి షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఏమప్పా హీరో, పౌడరు కొట్టుకోలేదా," అన్నాడు. "నాలుగో షరతు, పౌడరు కూడదంట," అన్నాను. "మరి ఆ మొగానికి ఎవురు సూస్తారప్పా కాసిచ్చి." వాడు నవ్వాడు, నేను నవ్వలేదు, వాడు కూడా ఆపేశాడు. ఎదురుగా అరుగు మీద హేమచంద్ర మోనికకు చెప్తున్నాడు. "ఒక్కసారి పేరు పెట్టి పిలువు మోనికా. సావొచ్చినప్పుడు ఏమయ్యా అంటారా ఎవురన్నా. కోదండం అని గట్టిగా అరిస్తే జనాలకు గుచ్చుకుంటాది." మోనిక వాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "మా అమ్మ నాయన పేరు ఎప్పుడూ పలకలా. రేషన్ ఆఫీసులో మొగుడి పేరేంది అంటే, రాములోరి సేతిలో ఉంటాది సూడు సార్, అది, అని సెప్పేది. సస్తే గూడా పలకదు." బీడీ నా వేళ్ళ దగ్గర కాలింది. సస్తే గూడా పలకదు. నేను లోపలికి పోయి మగ్గాలు నాలుగూ ఒకటి తర్వాత ఒకటి వదిలాను, గోడలు అదిరే దాకా, ఇంక ఎవడి మాటా ఎవడికీ అక్కర లేదు.

మొదటిసారి మోనిక పిలవగానే నా తల అటు తిరిగింది. హేమచంద్ర చేతులు ఊపి ఆపమన్నాడు. "అంకుల్, మీకు వినపడకూడదు అంకుల్." "ఇనపడతాండాదే," అన్నాను. వాడు అదేదో జోకనుకున్నాడు. రెండోసారీ తిరిగింది. మూడోసారీ. "పిలుస్తాదని ముందే తెలుసు గదా, అందుకని తిరగతాండాడు," అంది మోనిక, నన్ను కాపాడుతూ, ఎప్పుడూ కాపాడుతూనే ఉంటుంది. నాలుగోసారి భుజం కదిలింది. ఐదోసారి నేను మెడ బిగబట్టాను. ఎలా బిగబట్టాలో నాకు తెలుసు. దవడ కింద నరం లాగుతుంది, కళ్ళు పడుగు మీద నిలపాలి, పోగులు లెక్కపెట్టినట్టు పెట్టాలి, వెనకనుంచి వచ్చేదాన్ని వీపుతో తోసెయ్యాలి. వాడి కెమెరా నా వెనక రెండడుగుల్లో ఉంది. అయిపోయాక వాడి కళ్ళలో నీళ్ళు. "అంకుల్, ఆ మెడ అంకుల్. ఎక్కడ నేర్చుకున్నారు అంకుల్." వాణ్ణి కొట్టి ఉండాల్సింది.

ఆరేళ్ళ కిందటి ఆ పొద్దు కరెంటు తెల్లవారుజామున పోయి మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. ఆరింటికి మళ్ళీ పోతుంది. పొద్దున పంకజాక్షి ఎడమ రెక్క లాగుతోందని, తిరుపతికి పోయి పెద్దాసుపత్రిలో చూపించుకుందాం అంది. "కరెంటు వచ్చే పూట సూసుకొనే నొస్తాదా నీకు," అన్నాను. అన్నం పెట్టి పక్కన నిలబడలేదు, లోపలికి పోయింది. అదొక కోపం నాకు. కరెంటు రాగానే మగ్గాలు వదిలాను. మూడు దాటాక మొదటిసారి పిలిచింది. ఏమయ్యా. విన్నాను. ఉప్పో, కిరసనాయిలో, ఏదో అనుకున్నాను. పలకలేదు. కాసేపటికి రెండోసారి, మోనికా నాయనా. తిరగకుండానే అరచెయ్యి ఎత్తాను. ఉండు, వస్తా. ఆమెకు కనపడిందో లేదో నాకు తెలియదు. ఎత్తింది నిజం. తర్వాత మూడోసారి పిలిచింది. కోదండం. గట్టిగా కూడా కాదు. పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. నాలుగు మగ్గాల చప్పుట్లోంచి నేరుగా వచ్చి నా చెవిలో పడింది. అప్పుడు ఏం జరిగిందో చెప్పాలి గదా, ఎవరికి చెప్పకపోయినా నాకు నేను. నా ఒళ్ళు మండింది. పేరు పెట్టి పిలుస్తుందా నన్ను, ఇంత పొగరా, పొద్దున కాదన్నందుకు ఇదా, కుప్పుస్వామి షెడ్డులో వాళ్ళు వింటే రేపు నా మొహాన నవ్వరా. ఆడది మొగుడి పేరు ఎప్పుడు పలుకుతుంది. ఆ ఒక్క ప్రశ్న నేను వేసుకోలేదు. వేసుకుని ఉంటే జవాబు నాకు తెలిసేది. మెడ బిగబట్టాను. చూద్దాం ఎంతసేపు పిలుస్తుందో అనుకున్నాను. పిలవలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆ ఊపులో అరగంట నేశాను, ఒక్క పోగు తెగలేదు, అంత మంచి నేత నేను ఎన్నడూ నేయలేదు. మోనిక బడి సంచితో గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచి నిలబడేదాకా. పంకజాక్షి వంటింటి గడప మీద ఉంది. చెయ్యి ఒకటి గడప దాటి షెడ్డు వైపు వచ్చి ఉంది. అరగంట ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

దీపాలు ఆర్పారు. మాది. తెర మీద నా షెడ్డు, నా గోడ మీద క్యాలెండరు, కిటికీలోంచి పడే ఎండలో నూలు దుమ్ము. చప్పుడు మొదలైంది. స్పీకర్లలోంచి నాలుగు మగ్గాలు ఒక్కసారిగా వస్తే జనం కుర్చీల్లో వెనక్కు జరిగారు, ఒకామె చెవులు మూసుకుంది. వేరుశనక్కాయలవాడు ఆపేశాడు. నా వీపు. నా బనీను చిరుగు. గుమ్మంలోంచి వంటిల్లు, ఆకుపచ్చ చీర నేల మీదకు జారుతోంది. నోరు తెరుచుకుంది. మాట వినపడదు. మళ్ళీ తెరుచుకుంది. హాల్లో ఎవరికీ వినపడదు, ఉన్న చప్పుడే ఉండాలి గదా, షరతు. నాకు తప్ప. తర్వాత నా మెడ, తెరంత మెడ, దవడ కింద నరం. ఎంతసేపు ఉంచాడు ఆ హేమచంద్ర దాన్ని. పక్కన మోనిక చెయ్యి నా చెయ్యి మీదకు వచ్చింది. తడిగా ఉంది. ఆరేళ్ళలో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. పట్టుకో. ఇంకో రెండు నిమిషాలు పట్టుకో.

దీపాలు వచ్చాయి. సుందరరాజు లేచి వెనక్కు తిరిగాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ బిడ్డ గొంతు మనకు ఇనపడకపోవడమే కత. ఈ మనిషి తప్పేమీ లేదని ఒక్క మాట సెప్పకుండా సెప్పినారు." మోనిక నా వైపు చూసి నవ్వింది. చూశావా అన్నట్టు. నీ తప్పేమీ లేదంట, పెద్దాయన చెప్పాడు, అన్నట్టు. హేమచంద్ర మైకు తీసుకుని, ఏ షరతూ తప్పలేదు సార్, అని గబగబా చెప్పి నాకు అందించాడు. లేచాను. ఒక్క మాట. ఏమీ తప్పలేదు సార్. నాలుక చివర ఉంది, ఆరేళ్ళుగా అరిగి నున్నగా అయిన మాటకు తోడబుట్టినది. చెప్తే చేయి పట్టుకుని బస్టాండుకు తీసుకుపోతుంది, టిఫిను తినిపిస్తుంది, సెలవులకు ఇంటికి వస్తుంది. ముందు వరసలో ఆ అయ్యవారు తల ఎత్తి చూస్తున్నాడు. పక్కవాడిది చూసి వేసిన సరైన లెక్క.

"ఇనపడింది," అన్నాను.

"ఏమప్పా?" అన్నాడు సుందరరాజు.

"నా పెండ్లాము పిలిచింది నాకు ఇనపడింది. పోలేదు నేను. ఇనపళ్ళేదని ఆరేండ్లుగా సెప్తాండా. ఈ సినిమాలో అదొకటే అబద్ధం. తక్కినవన్నీ మా ఇంట్లోవే."

ఫ్యాన్ల చప్పుడు. అప్పుడు వెనకెక్కడో ఒకడు చప్పట్లు కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. హాలంతా అందుకుంది, కొందరు లేచి నిలబడ్డారు కూడా. నిజం చెప్పాడని. విసనకర్రకు కొట్టినవాళ్ళే. మనిషిని చంపానని చెప్పినా కొట్టే చేతులు, ఇవి ఆగవు, వీటికి కరెంటు కోత లేదు. మోనిక కొట్టలేదు. నా పక్కనుంచి లేచి ఎప్పుడు పోయిందో, రెండు వరసల అవతల నడవలో నిలబడి ఉంది, సంచి భుజాన వేసుకుని. ఆ చప్పుట్లో అరిచినా ప్రయోజనం లేదు. అది అరవలేదు. షెడ్డులో పుట్టిన పిల్ల. పెదవులు కదిలాయి.

ఎన్నిసార్లు.

నేను మూడు వేళ్ళు ఎత్తాను.

అది వేళ్ళ వంక చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. ఏమని, అన్నాయి పెదవులు.

ఒకటో వేలు ముడిచాను, ఏమయ్యా. రెండో వేలు ముడిచాను, మోనికా నాయనా. మూడో వేలు గాలిలో ఉండిపోయింది. దాని కళ్ళు నా నోటి మీద ఉన్నాయి, రెప్ప వేయడం లేదు. మైకు దించి, గొంతు లేకుండా, పెదవులతో, నా పేరు చెప్పాను.